రోగశయ్యపై కాయకము

కాయకము శరణధర్మమునకు మూలస్తంభము. చేతనైన పని చేసి, దానివలన వచ్చినది దాసోహమున సమర్పించి, మిగిలినది ప్రసాదముగా గ్రహించుట మన పెద్దలు చూపిన బాట. అయితే పని చేయలేని స్థితిలో పడిన మానవుడు ఏమి చేయవలెను? అతని దినము వ్యర్థమేనా? అతడు తిను అన్నము ఋణమా, ప్రసాదమా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురు కాలేదు. గత శ్రావణమాసమున మోర్తాడులో మా యింటి నులకమంచముపై ఎదురైనది.

వానలు పడిన పిదప దోమలు పెరుగుట, డెంగీ జ్వరములు వచ్చుట మన జిల్లాకు క్రొత్త కాదు. నాకును వచ్చినది. జ్వరము దిగగానే గండము గడచినదని మనము తలంతుము గాని, జ్వరము దిగిన తరువాతి ఒకటి రెండు దినములే మిక్కిలి జాగరూకతతో చూడవలసినవని వైద్యులు చెప్పుదురు. ఆ దినములును గడచినవి. ప్రాణభయము తొలగినది, బలము మాత్రము తిరిగి రాలేదు. ఈ జ్వరము మిగిల్చిన నిస్సత్తువ కొందరిలో వారముల తరబడి నిలుచుట కలదు. పసుపు చేనిలో కలుపు పెరుగుచుండెను. నలువది యేండ్లుగా తెల్లవారకముందే చేనికి పోయినవాడను, గడపవరకు నడచుటకు గోడ పట్టుకొనవలసి వచ్చినది.

ఆనాడు సోమవారము. స్నానము చేయు శక్తి లేదు. పూజ యెట్లని కోడలు సందేహించినది. "లింగం ఒంటిమీద ఉన్నోళ్లకు సూతకమెక్కడిదమ్మా?" అని నా యిల్లాలు తడిగుడ్డతో నా చేతులు తుడిచి, విభూతి అందించినది. నేను ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొంటిని. చేయి వణకినది. ఆమె తన అరచేతిని నా చేతిక్రింద నిలిపినది. ఆ దినము నా లింగపూజకు ఆమె చేయి పీఠమైనది.

పూజ ముగిసిన పిదప నూకల జావ తెచ్చినది. నేను ముఖము త్రిప్పుకొంటిని. అరుచివలన కాదు, సిగ్గువలన. "పని జేయనోనికి బువ్వెందుకు?" అంటిని. ఆమె గిన్నె దించలేదు. "ఇన్నేండ్లు మీరు పెట్టిండ్రు, మేం తిన్నం. పెట్టే చెయ్యి ఎప్పుడూ మీదే కావాలెనా?" అన్నది. ఆ మాట నన్ను దినమంతయు విడువలేదు.

నులకమంచముపై పరుండినవానికి నులియ చందయ్య జ్ఞప్తికి వచ్చుట సహజము. గడ్డి తెచ్చి, త్రాళ్లు పేని, అమ్మి, ఆ సొమ్ముతో జంగమదాసోహము చేసిన శరణుడాయన. ఇష్టలింగము జారిపడినను పని మానలేదని కథ. ఆ కథను నేను పిల్లలకు ఎన్నోమారులు గర్వముతో చెప్పియుంటిని. కాని 12వ శతాబ్దపు అదే కల్యాణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులును ఉండిరి. రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు మామూలుకంటె ఎక్కువ బియ్యము తేగా, అవసరమునకు మించినది మనకు వలదని, మరల అక్కడనే పోసి రమ్మని లక్కమ్మ త్రిప్పి పంపినది. ఆమె త్రోసిపుచ్చినది అన్నమును కాదు, ఆశను. అవసరమైనంత గ్రహించుటలో దోషము లేదు. రోగి త్రాగు గిన్నెడు జావ అవసరమునకు మించినది కాదు. దానిని కాదన్న నాలో నున్నది కాయకనిష్ఠ కాదు. ఎవరికిని ఋణపడనను అహంకారము.

దాసోహమనగా నేను దాసుడనను భావము. ఇచ్చునప్పుడు ఆ మాట అనుట సులభము. మన చేయి పైననే యుండును గదా! పుచ్చుకొనునప్పుడు అనుటయే కష్టము.

మధ్యాహ్నము పొరుగింటి స్త్రీలు మా అరుగుమీద బీడీలు చుట్టుచుండిరి. ఒడిలో చాట, చాటలో తునికాకు. వారి పనికి వేయి బీడీలకింత అని లెక్క కలదు. మా యింటిలో జరుగు పనికి లెక్క లేదు. నా యిల్లాలు ఎన్నిమారులు పొయ్యి ముట్టించినది, ఎన్నిమారులు పక్క సర్దినది, నా మందు వేళకై ఎన్నిమారులు గడియారము చూచినది, మంచముపై నుండి కంటిని. ఆ పని ఆనాడు మొదలైనది కాదు. చేనికి పోవు నేను చూడనిది. కాయకమును గురించి ఉపన్యసించు మనము, జీతమును సెలవును లేని ఈ కాయకమును లెక్కలోనికి తీసికొనుచున్నామా?

అప్పుడే మరియొకటి తోచి మనసు కలుక్కుమన్నది. నిరుడు మా జీతగాడు జ్వరముతో మూడు దినములు పనికి రాలేదు. పని లేనిదే జీతము లేదని ఆ మూడు దినముల సొమ్ము పట్టుకొన్నవాడను నేనే. అది కాయకధర్మమేయని సమర్థించుకొన్నవాడను నేనే. నేడు నా జ్వరమునకు ఇల్లంతయు మంచముచుట్టు తిరుగుచున్నది. అతని జ్వరమునకు అతని యింట పొయ్యి వెలిగినదో లేదో నేనడుగలేదు. కాయకమను మాటను ఎదుటివాని ఆకలికి కొలతగా వాడినచో అది బసవన్న బోధ కాజాలదు.

సోమరితనమును సమర్థించుట నా ఉద్దేశము కాదు. బలముండి మంచమెక్కుట తప్పే. కాని బలము లేనివాడు పంతముతో చేనికి పోయి మరల పడిపోవుటయు తప్పే. ఆ భారము మోయువారు ఇంటివారు. వేళకు మందు పుచ్చుకొనుట, విసుగుకొనకుండుట, చేయువారి శ్రమను గుర్తించుట, కృతజ్ఞతతో గ్రహించుట, ఇవియే రోగి కాయకము.

సాయంకాలము జీతగాడు నన్ను చూడవచ్చి గడపయొద్ద నిలిచినాడు. లోనికి పిలిచి, మంచముపై నా ప్రక్కన కూర్చుండబెట్టి, నిరుటి మూడు దినముల జీతము చేతిలో పెట్టితిని. అది దానము కాదు, దాసోహమును కాదు; బాకీ. అతడు తెల్లబోయి, "పని జేయని దినాలకు పైసలెందుకు పటేలా?" అన్నాడు.

ఉదయము నా నోట వెలువడిన మాటయే అది. నా యిల్లాలు వినినది గాని ఏమియు అనలేదు. రెండు గ్లాసులలో చాయ పోసి తెచ్చినది. ఇరువురమును త్రాగితిమి.

మన యిండ్లలో ఎవరైన మంచము పట్టిననాడు, సేవ చేయించుకొనుటకు సిగ్గుపడకుందుము గాక. మనవద్ద పని చేయువారు మంచము పట్టిననాడు, వారి యింట పొయ్యి వెలిగినదా యని అడుగుట మరువకుందుము గాక.

శరణు శరణార్థి.