కొండను జయించగలమా?

2014 మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. మేమంతా సంబరపడ్డాం. కానీ ‘ఎవరెస్టును జయించింది’ అన్న మాట మాకు మింగుడుపడలేదు.

కామవరపుకోట దాటితే వచ్చే బుట్టాయగూడెం కొండల్లో మావాళ్లు మామిడి పండుగ చెయ్యందే కొత్త కాయ ముట్టరు. షేర్పాలూ పూజ చేసి, అనుమతి అడిగాకే ఎవరెస్టు మీద కాలు పెడతారు. పైకెక్కేవాళ్ల బరువులు మోసేదీ, తాళ్లు కట్టేదీ వాళ్లే. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది కొండ పనివాళ్లు చనిపోయారు. వాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

కొండ ఎక్కడం మంచిదే. ఎక్కనిచ్చిన కొండకు మొక్కాలి, బరువు మోసిన మనిషిని తలచుకోవాలి. పూర్ణ గురించి చెప్పేటప్పుడు మన పిల్లలకు ఇదీ చెబుదాం.