ఎండిన మాను

అనంతగిరిలో కాఫీతోటల పైన, రోడ్డు మలుపులో ఒక ఎండిన మాను ఉంది. ఏ చెట్టో పోల్చుకోలేనంతగా బెరడంతా రాలిపోయింది. పోయిన మాఘంలో మూడు ఆదివారాలు చీకటితోనే విశాఖలో బయల్దేరి, వెళ్లి దానెదురుగా కూర్చున్నాను, పెద్ద వడ్రంగిపిట్ట కోసం.

విశాఖ పక్కనే ఉన్న మా కంబాలకొండ అడవిలో కనిపించే వడ్రంగిపిట్టకి నడుము నలుపు. ఈ కొండల్లోది ఇంకా పెద్దది. నడుము ఎరుపు, చెంప మీద మీసంలా రెండు నల్లటి గీతలు. ఆ గీతలు ఫొటోలో తేటగా పడాలని నా పట్టుదల.

మూడో ఆదివారం ముందు దరువు వినిపించింది, తర్వాత పిట్ట. గోళ్లు చెక్కలో దించి, బిరుసు తోకని ఊతగా ఆనించి కొడుతుంటే పొట్టు ఎండలో మెరుస్తూ రాలింది. దాని పుర్రె దెబ్బ అదురుని పీల్చుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. కాదని 2022లో ఒక పరిశోధన తేల్చింది. తల గట్టి సుత్తిలాగే పనిచేస్తుందట, మెదడు చిన్నది కాబట్టి తట్టుకుంటుందట. అదురుని మింగేస్తే దెబ్బలో బలమేముంటుంది!

చుట్టూ అంత పచ్చదనం ఉన్నా అది ఆ మానునే పట్టుకుంది. పుచ్చిన చోటే పురుగు దొరుకుతుంది, మెత్తబడిన చెక్కలోనే గూడు తొలవడం సులువు. అది వదిలేసిన తొర్రల్లో చిలకలు, గోరింకలు కాపురం పెడతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో మా వీధిలో పెద్ద చెట్టన్నది మిగల్చలేదు. తర్వాత అందరం మొక్కలు నాటాం. ఇప్పుడవి నీడనిస్తున్నాయి. మా పెరట్లో తల విరిగి నిలబడ్డ మోడుని మాత్రం ఇంటి మీద పడుతుందని నేనే కొట్టించాను. ఆ భయం తప్పని ఇప్పటికీ అనను. కానీ మొక్కని నాటగలిగాను గానీ, ఆ మోడు వయసుని ఎక్కడ నాటను?

విశాఖ పక్షిశాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు, డిల్లన్ రిప్లీ వంటివారితో కలిసి ఈ అనంతగిరి కొండల పక్షుల గురించి 1980లలో రాశారు. ఆయన ఇక్కడ తిరిగిన రోజుల్లో ఈ మాను పచ్చగా ఉండి ఉంటుంది. ఇన్నేళ్లూ ఎవరూ దీని మీద గొడ్డలి వేయకపోవడం వల్లే ఇవాళ నాకా దరువు వినబడింది.

ఇంటికొచ్చి ఫొటో చూస్తే పిట్ట తల కదిలిపోయింది, మీసం గీతలు చెరిగిపోయాయి. మాను మాత్రం పగులు పగులూ కనబడేలా వచ్చింది. పెద్దది చేసి తొర్రలు లెక్కపెట్టాను. ఐదు. అన్నిటికన్నా పైదాని అంచున, అక్కడ నేను గమనించనే లేదు, చిలక తల.