రెండు రాత్రుల నిద్ర

జూబ్లీహిల్స్ మేడలకీ ఫిలింనగర్ బస్తీకీ మధ్య దూరం ఎంతో లేదు. మా పనమ్మాయి రోజూ నడిచే వస్తుంది. మొగుడు మంచాన పడి నెలయింది. మొన్నొకరోజు, "అమ్మగారూ, పాపని రెండ్రోజులు మీ దగ్గరుంచుకుంటారా?" అంది. నేను పర్సు తీశాను.

"డబ్బులొద్దమ్మా. రెండు రాత్రులు నిద్ర కావాలి. నిన్న పిల్లని ఊరికే కొట్టేశాను" అంది.

సిగ్గుపడి పర్సు మూశాను.

మా చిన్నప్పుడు అమ్మకి ఒంట్లో బాగులేకపోతే పిన్ని వచ్చి మమ్మల్ని తీసుకుపోయేది. దాన్నెవరూ దానం అనలేదు. అమ్మని చేతకానిదనీ అనలేదు. ఇవాళ మనం పిల్లల్ని ఆయాకి అప్పగించి పేరంటానికెళ్తే అది సదుపాయం. ఆ ఆయా తన బిడ్డని ఎవరికైనా అప్పగిస్తే మాత్రం తప్పా?

1975లో మొదలైన అంగన్‌వాడీ పగలు కాసేపే చూస్తుంది. మరి రాత్రి? ఇంగ్లండులో 1989 నాటి బాలల చట్టం ప్రకారం, తల్లి ఒప్పుకుంటే బిడ్డని కొన్నాళ్లు స్థానిక ప్రభుత్వం చూసుకోవచ్చు. తల్లి హక్కు ఎక్కడికీ పోదు. అలసిపోయానని చెప్పుకోవడం బిడ్డని వదులుకోవడం కాదన్నమాట!

పాప రెండు రాత్రులూ మా ఇంట్లోనే పడుకుంది. మూడోనాడు తల్లి రాగానే పరుగెత్తుకెళ్లి కాళ్లకి చుట్టేసుకుంది.

చెయ్యి చేసుకున్న తల్లిని తిట్టడం తేలికే. ఆ చెయ్యి లేవకముందే పట్టుకోవడం మన పని కాదంటారా?