వాక్యానికి ఎదురు చెప్పవచ్చా?

మత్తయి సువార్త 15వ అధ్యాయంలో ఒక తల్లి ఉంది. పేరు లేదు. కనాను స్త్రీ అంటాడు మత్తయి. మార్కు 7వ అధ్యాయంలో ఇదే కథ చెబుతూ సురోఫెనికయ వంశంలో పుట్టినామె అంటాడు. ఇద్దరి ఉద్దేశమూ ఒకటే: మన జనం కాదు, బయటి మనిషి. బిడ్డకు దయ్యం పట్టింది, బాగు చేయమని ఆమె యేసు వెంటపడి అరుస్తుంది. మత్తయి కథనంలో ఆయన మొదట పలకనే పలకడు. శిష్యులు ఆమెను పంపించేయమంటారు. ఆమె కదలదు. అప్పుడు ఆయన పిల్లల రొట్టె తీసి కుక్కపిల్లలకు వేయడం తగదంటాడు. ఆమె ఆ మాటనే పట్టుకుని, బల్ల కింద పడిన ముక్కలు కుక్కపిల్లలు తింటాయి కదా అని తిరిగి చెబుతుంది. బిడ్డ బాగవుతుంది.

పాలమూరు, నల్లగొండ చర్చిల్లో ఈ భాగం మీద నేను విన్న ప్రసంగాలన్నీ వినయం గురించే. తనను తాను కుక్కగా తగ్గించుకుంది కాబట్టి దీవెన పొందింది, మీరూ అలాగే తగ్గించుకోండి, అంతే. ఎదురుగా చాప మీద కూర్చుని వినేవాళ్ళలో ఎక్కువమంది మాదిగ, మాల ఆడవాళ్ళు. తగ్గి ఉండడం వాళ్ళకు ఇంకొకరు నేర్పాలా? నాకు మాత్రం ఇది ఎదురు చెప్పిన ఆడమనిషి కథ. సాక్షాత్తూ యేసు నోటి మాటకే ఎదురు చెప్పింది. అలాంటప్పుడు, విశ్వాసిగా ఉంటూనే వాక్యానికి ఎదురు చెప్పవచ్చా అన్న ప్రశ్న నన్ను వదలదు.

స్త్రీవాద మిత్రులకు ఇది ప్రశ్నే కాదు. ఆ పుస్తకంలో పితృస్వామ్యం పేజీ పేజీకీ ఉందిగా, వదిలేయొచ్చుగా అంటారు. సంఘంలో వాళ్ళకూ ఇది ప్రశ్న కాదు. వాక్యం వాక్యమే, ఎదురేమిటి అంటారు. ఇద్దరూ ఒక విషయంలో ఏకీభవిస్తున్నారని వాళ్ళకు తెలియదు. పుస్తకాన్ని మొత్తంగా తీసుకోవాలి, లేదా మొత్తంగా వదలాలి. మధ్యలో కూర్చుని చదివే ఆడమనిషికి ఇద్దరి దగ్గరా చోటు లేదు.

వదిలేయమని చెప్పే ముందు, ఈ పుస్తకం మా నేలకు ఎలా చేరిందో కొంచెం చూడాలి. అప్పటి రష్యా సామ్రాజ్యం (ఇవాళ్టి ఉక్రెయిన్) నుంచి జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ దంపతులు అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్ 1889లో బయల్దేరి, 1890లో నల్లగొండకు వచ్చారు. 1899లో అమెరికా నుంచి మెన్నొనైట్ బ్రదరన్ వాళ్ళు వచ్చారు. 1937లో అమెరికన్ బాప్టిస్టులు మహబూబ్‌నగర్ స్టేషన్‌ను వాళ్ళకు అప్పగించారు. నిజాం రాజ్యంలో మాదిగ వాడకు బడి లేని కాలం అది. మా దిక్కు చాలా ఇళ్ళలో మొట్టమొదట అడుగుపెట్టిన పుస్తకం బైబిలే. దాన్ని ఇంటింటికీ మోసుకుపోయింది మిషన్ దొరలు కాదు, దొరసానులు కూడా చాలా తక్కువ. బైబిల్ స్త్రీలు మోశారు. తెలుగు ఆడవాళ్ళు, చాలామంది విధవలు, కొద్దిపాటి జీతానికి ఊరూరూ తిరిగి, చదువు రానివాళ్ళకు వాక్యం చదివి వినిపించి, కంఠతా పట్టించి, పాటలు నేర్పి, పనిలో పనిగా అక్షరాలూ దిద్దించారు. దొరసాని అజమాయిషీలో పని చేశారు. పురుషుల కన్నా తక్కువ తీసుకున్నారు. ప్రసంగ పీఠం ఎక్కలేదు. మిషనరీలను దొర, దొరసాని అనే పిలిచారన్నది మరిచిపోకూడదు. భూమి ఉన్నవాడికీ అదే మాట కదా.

2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక దళిత స్త్రీల రచనకు ఒక చరిత్ర ఉందని సాహిత్యలోకం గుర్తించక తప్పలేదు. రాసినవాళ్ళను అలా వెతుక్కున్నాం. చదివినవాళ్ళ సంగతి? పదిమందిని కూర్చోబెట్టి పుస్తకం చదివి వినిపించిన దళిత స్త్రీ కూడా సాహిత్య చరిత్రలో మనిషే. తెలుగు బైబిల్ స్త్రీల మీద జేమ్స్ తనేటి 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. తెలుగులో మన విమర్శకులు ఆ దిక్కు పెద్దగా చూడలేదు. మతం అనగానే మనకు కాస్త మొహమాటం.

ఈ పుస్తకం భాష సంగతి ఇంకా విచిత్రం. తెలుగులో బైబిలు అనువాదం సముద్ర తీరాన మొదలైంది. విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్ళు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో చేసిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత ఎన్నో చేతులు పడ్డాయి. ఇవాళ్టికీ ఎక్కువ సంఘాల్లో చదివేది గ్రాంథికమే. గిడుగు రామమూర్తి పోరాటం తర్వాత చదువుకున్నవాళ్ళు గ్రాంథికాన్ని వదిలించుకున్నారు. దాన్ని నాలుక మీద నిలుపుకున్నవాళ్ళలో మా ఆడవాళ్ళు ఉన్నారు. నాట్లేస్తూ "ఏమే పొల్ల, ఇటు రా" అన్న మనిషే సాయంత్రం ప్రార్థనలో "కృపగల తండ్రీ, నీ సన్నిధికి వచ్చియున్నాము" అంటుంది. పండితులకు ఇది నచ్చుతుందో లేదో.

ఆ గ్రాంథికంలో నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. మామూలు మాటలో మగవాడు వచ్చిండు, ఆడమనిషి వచ్చింది. ఆవు కూడా వచ్చింది. క్రియ దగ్గరికి వచ్చేసరికి మనల్ని పశువుతో కలిపేసింది తెలుగు. బైబిలు తెలుగులో అందరికీ వచ్చెను, చెప్పెను. యేసు చెప్పెను, కనాను స్త్రీ కూడా చెప్పెను. అది సమానత్వం కోసం చేసింది కాదు, పాత వ్యాకరణం, అంతే. అయినా చెవిన పడేది పడుతుంది. ఆదికాండము రెండో అధ్యాయంలో హవ్వను గురించి వాడిన మాట "సాటియైన సహాయము". మా పెళ్ళిళ్ళలో పాస్టర్లు "సహాయము" దగ్గర ఆగి అరగంట మాట్లాడతారు. వంట, వార్పు, అత్తమామలు. "సాటి" మీద ఎవరూ ఆగరు. సాటి అంటే సమానం అని తెలుగు రైతుకు తెలుసు. హీబ్రూలో ఆ సహాయానికి వాడిన మాటే పాత నిబంధనలో ఎక్కువసార్లు దేవుడు చేసే సహాయానికి వాడారు. దేవుడు మనకు సహాయం చేస్తే ఆయన మనకు పనిమనిషి కాడు కదా.

ఇక మౌనం వాక్యాలు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలంటుంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం ఉపదేశించనివ్వనంటుంది. వీటికి మన దగ్గర సమాధానాలు లేకపోలేదు. అదే కొరింథీ పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీలు ప్రార్థించడం, ప్రవచించడం మామూలు విషయంగా ఉంది. ముసుగు గురించే పేచీ. 14వ అధ్యాయంలోని ఆ రెండు వచనాలు కొన్ని ప్రాచీన ప్రతుల్లో వేరే చోట, అధ్యాయం చివర ఉన్నాయి. తిమోతి పత్రిక పౌలుది కాదని చాలామంది పండితుల అభిప్రాయం. వేదాంత కళాశాలల్లో చదువుకున్న స్త్రీలు ఈ వాదనలు చక్కగా వినిపిస్తారు. నేనూ వాడతాను.

కానీ ఒక ప్రశ్న వేసుకోవాలి. రేపు ఎవరో తవ్వకాల్లో తాటాకంత స్పష్టమైన ప్రతి తీసి, ఈ మాటలు పౌలు స్వహస్తాలతో రాసినవే అని నిరూపిస్తే, నేను నోరు మూసుకుంటానా? మూసుకోను. అంటే నా కారణం ఆ ప్రతుల్లో లేదు. నా కారణం వేరే చోట ఉండగా, ఉన్నట్టు నటించడం చదువరిగా నాకు మర్యాద కాదు. వాక్యం ఆ మాట అనలేదు అని సర్ది చెప్పేకంటే, అంది, నేను ఒప్పుకోను అనడమే వాక్యానికి ఎక్కువ గౌరవం. సర్ది చెప్పే పాఠకురాలు పుస్తకాన్ని తనకు నచ్చినట్టు మాట్లాడనిస్తోంది. ఎదురు చెప్పే పాఠకురాలు దాని మాట పూర్తిగా విన్నాకే చెబుతోంది.

నచ్చినవి ఏరుకుంటున్నారా అని అడుగుతారు. అందరూ ఏరుకుంటున్నారు. దాసులు యజమానులకు లోబడాలని ఎఫెసీ పత్రిక చెబుతుంది. వెట్టి, భగేలా నడిచిన నల్లగొండలో ఈ మాటకు అర్థం ఏమిటో ఒక్కసారి ఊహించండి. 1976 చట్టం ప్రకారం వెట్టి నేరం. ఆ చట్టం వాక్య విరుద్ధమని ఏ పాస్టరూ అనడు. అది ఆ కాలపు మాట అంటాడు. అదే పత్రికలో, దానికి కొద్ది వచనాల ముందు, భార్యలు భర్తలకు లోబడాలనే మాట మాత్రం నిత్యసత్యం. ఏ మాటకు కాలం చెల్లిందో, దేనికి చెల్లలేదో తేల్చే కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నదే అసలు సంగతి. కృష్ణ అవతల నంద్యాల డయోసిస్‌కు 2013లో ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్‌గా. నది ఇవతల మా చాలా సంఘాల్లో ఆడవాళ్ళు వాక్యం చెప్పేది స్త్రీల కూడికలోనే. ఒక సంఘ పెద్ద నాతో, పేరు అనవసరం, "మీరు మాట్లాడండమ్మా, కాని మైకు వద్దు" అన్నారు. మైకు లేకపోతే అది ఉపదేశం కాదట.

నా కారణం ఆ పుస్తకంలోనే ఉంది. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కూతుళ్ళు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, మోషే ముందు, పెద్దలందరి ముందు నిలబడి, కొడుకులు లేనందుకు మా తండ్రి పేరు ఎందుకు పోవాలి, మాకు భూమి ఇవ్వండి అని అడిగారు. అంతవరకు ఉన్న చట్టం దేవుడిదే. దేవుడే వాళ్ళ మాట సరైనదన్నాడు. చట్టం మారింది. 36వ అధ్యాయంలో, సొంత గోత్రంలోనే పెళ్ళాడాలనే షరతు వచ్చి పడింది, అదీ నిజమే. ఆడవాళ్ళకు వచ్చిన ఏ హక్కు వెనక షరతు రాలేదు? అయినా చట్టం ఇచ్చినవాడి ముందే చట్టాన్ని ప్రశ్నించడం అక్కడ ద్రోహం కాలేదు.

మళ్ళీ కనాను తల్లి దగ్గరికి. మార్కులో యేసు ఆమెతో, నువ్వు అన్న ఈ మాటకే వెళ్ళు, బిడ్డ బాగైంది అంటాడు. మత్తయిలో ఆమె విశ్వాసం గొప్పదంటాడు. ఒకే కథలో, ఒకే చోట, ఒకరు మాట అన్నదాన్ని ఇంకొకరు విశ్వాసం అన్నారు. ఎదురుమాటకు విశ్వాసం అని పేరు పెట్టింది నేను కాదు. ఇంకా, తెలుగు మత్తయిలో ఆ చివర యేసు ఆమెను "అమ్మా" అని పిలుస్తాడు. గ్రీకులో అది స్త్రీ అనే సంబోధన. తెలుగులో అలా పిలిస్తే బాగుండదని అనువాదకులు అమ్మా అని పెట్టారు. కాని పటేలు ఇంటి పిల్లవాడు కూడా "ఏమే" అని పిలిచిన ముసలామె చెవులతో ఇది వినండి. కుక్కపిల్ల అన్న నోరు, ఆమె జవాబు విన్నాక, అమ్మా అంటోంది.

ఇదంతా చెప్పి నేను కొంత గర్వపడుతున్న రోజే ఒక కూడికలో చిక్కు వచ్చింది. కల్వకుర్తి దిక్కు ఊరు, చదువుకున్నవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో. మిగతావాళ్ళు కూలికి పోయి వచ్చినవాళ్ళు, పాలమూరు లేబర్‌గా పరదేశం తిరిగి వచ్చినవాళ్ళు. ఆమె కుక్క అన్న మాటకు ఔను అని ఎందుకు ఒప్పుకుంది అని నేను అడిగాను. ఒకామె అంది: "ఒప్పుకున్నట్టు కాదక్కా. బిడ్డ పానం మీదికొస్తె మేస్త్రీ కాళ్ళు మొక్కుతం. మొక్కినమని వాడు దేవుడైతడా?"

ఆ పోలికలో మేస్త్రీ చోట ఉన్నది ఎవరో అందరికీ ఒక్కసారే తట్టింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దావిడ, "ఆయన పరీక్ష పెట్టిండు గాని..." అంది. పరీక్ష అన్న మాట ఆ అధ్యాయంలో లేదు. ఆయనను కాపాడడానికి మనం తెచ్చి పెట్టింది. అక్కడ ఉన్నదల్లా ఒకాయన ఒక మాట అన్నాడు, ఒకామె జవాబిచ్చింది, ఆయన మారాడు. బాలుడిగా యేసు జ్ఞానంలో ఎదిగాడని లూకా రెండో అధ్యాయంలో రాస్తే మనకు ఇబ్బంది లేదు. పెద్దయ్యాక, ఒక బయటి ఆడదాని నోటి నుంచి, ఎదిగాడంటేనే ఇబ్బంది. నాకు ఇబ్బంది లేదు. అలాంటివాడినే నేను నమ్ముకున్నాను. పెద్దావిడ మాత్రం ఒప్పుకోలేదు. చివర ప్రార్థన ఆవిడే చేసింది, మా అందరి కోసమూ, కాస్త నా కోసం ఎక్కువగా.

తర్వాతి కూడికకు ఏ భాగం చదవాలన్నది తేలలేదు. నేను న్యాయాధిపతులు 19వ అధ్యాయం అన్నాను. లేవీయుడి ఉపపత్నిని రాత్రంతా ఊరి మగవాళ్ళకు వదిలేసిన కథ. ఫిలిస్ ట్రిబుల్ 1984లో తన పుస్తకంలో భయంకర భాగాల్లో దాన్ని ఒకటిగా చర్చించింది. మా పీఠాల మీద అది నేను విననే లేదు. అధ్యాయం మొత్తంలో ఆమె ఒక్క మాట మాట్లాడదు. అమ్మా అని పిలిచేవాడు లేడు, ఎదురు చెప్పే సందు లేదు, దేవుడూ మాట్లాడడు. "గది సదివి ఏం జేస్తమక్కా?" అని అడిగారు. చదవకుండా ఉంటే ఆమె ఇంకా ఆ గడప మీదే పడి ఉంటుంది అన్నాను. ఒకామె, ఇంట్లో కూతురు మొగుణ్ణి వదిలి వచ్చి ఉన్నామె, చదువుదాం అంది. ఇంకో ఇద్దరు వద్దన్నారు. పిల్లలు వినని వేళ పెట్టుకుందాం అన్న దగ్గర ఆ రోజు ఆగింది.