బరువు లెక్క

2024 నవంబరులో సఖీర్‌లో విమానాల ప్రదర్శన జరిగినప్పుడు ఆ మోత హమద్ టౌన్‌లో మా ఇంటిదాకా వినిపించింది. శుక్రవారం మా ఏసీ చూడటానికి వచ్చిన మెకానిక్, నేనూ డాబా మీద నిలబడి ఆకాశంకేసి చూస్తున్నాం. అతనిది జగిత్యాల వైపు. నాలుగు ముక్కలు చదివినవాణ్ణి కదా, ఊరుకోలేక "ఇక ముందు కరెంటుతో నడిచే విమానాలొస్తాయి, పొగే ఉండదు" అన్నాను.

అతను కాస్త ఆలోచించి, "గట్లయితె టికెట్టు తక్కువైతదా సార్?" అన్నాడు.

జవాబు తోచలేదు. ఆ రాత్రి లెక్క వేశాను.

ఇక్కణ్ణించి హైదరాబాదు మూడు వేల కిలోమీటర్లు. ఏ320 లాంటి విమానం అంత దూరానికి ఇంచుమించు పది టన్నుల ఇంధనం తాగుతుంది. కిలో ఇంధనంలో పన్నెండు యూనిట్ల శక్తి ఉంటుంది, అందులో మూడో వంతే పనికొస్తుందనుకుందాం. కరెంటు మోటారు ఎంతో పొదుపరి, తొంభై శాతం వాడుకుంటుంది. కానీ కిలో బ్యాటరీలో పట్టేది పావు యూనిట్! ఎలా తిప్పి లెక్కేసినా నూట డెబ్బై టన్నులకు పైగా బ్యాటరీ కావాలి. మనుషులతో, సామానుతో కలిపి ఆ విమానం ఎగరగలిగే మొత్తం బరువే ఎనభై టన్నుల లోపు. పైగా ఇంధనం దారిలో ఖర్చయి విమానం తేలికపడుతుంది. బ్యాటరీ మాత్రం ఎక్కినంత బరువుతోనే దిగుతుంది.

అందుకే ఇప్పటికి ఎగిరినవన్నీ చిన్నవి. 2020లో యూరప్‌లో అనుమతి పొందిన వెలిస్ ఎలక్ట్రోలో ఇద్దరే కూర్చోగలరు, గంటసేపైనా ఎగరలేదు. తొమ్మిది మంది కోసం తయారుచేసిన ఆలిస్ 2022లో మొదటిసారి ఎగిరి ఎనిమిది నిమిషాల్లో దిగింది. రెక్కలు సాగదీసి, ఒళ్లు తేలిక చేసి, ఇంజనీర్లు గ్రాము గ్రాముకీ తగువులాడుతున్నారు. నాకు వాళ్లంటే గౌరవమే. కానీ పొగలేని ప్రయాణం ముందుగా దక్కేది దగ్గరి ఊళ్లకి వెళ్లేవాళ్లకి. వాళ్లలో చాలామందికి రైలో పడవో ఉండనే ఉంటుంది. సముద్రం దాటి కూలికొచ్చిన వాడి వంతు ఎప్పుడో!

మరి అంతదాకా ఎవరు ఎగరాలి? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. హైదరాబాదు వెళ్లొస్తే ఒక్కో సీటుకి నాలుగొందల కిలోల కార్బన్ డయాక్సైడ్. అతను రెండేళ్లకోసారి వెళ్తాడు. నేను ఏడాదికి రెండుసార్లు వెళ్తాను, ఇవి కాక రెండు గంటల మీటింగుల కోసం దుబాయ్. ఆకాశానికి అతని పొగా నా పొగా ఒకటే. మనిషికి కూడా ఒకటేనా?

అలాగని విమానాన్ని తిట్టడానికీ నోరు రాదు. 2019లో అమ్మ పోయిందని రాత్రి కబురొస్తే, తెల్లారేసరికి శంషాబాద్‌లో దిగి మధ్యాహ్నానికి తెనాలి చేరాను. నా చేతులతో తలకొరివి పెట్టగలిగానంటే అది ఆ ఇంధనం చలవే. మెకానిక్‌కి తండ్రి పోయినప్పుడు సెలవు దొరకలేదు, దినానికి కూడా అందుకోలేదు. గల్ఫ్‌లో అరబ్బు తీరాన మొదటిసారి చమురు పడింది 1932లో, ఇదే బహ్రెయిన్‌లో. మా ఇద్దరి అన్నమూ చివరికి అందులోదే.

"కరెంటు విమానం వస్తోందిగా" అనుకుంటే నా దుబాయ్ ప్రయాణాలు నాకేమీ బరువనిపించవు. మా వృత్తిలో ఇది పాత అలవాటే. తప్పు దొరికితే "తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తాం" అంటాం. ఆ తర్వాతి వెర్షన్ వచ్చేదాకా ఇబ్బంది పడేది మేము కాదు. విమానం గీసేవాడు ప్రతి కిలోనీ "నువ్వెందుకు?" అని అడుగుతాడు. నా ప్రయాణాల్ని నేనెప్పుడూ అలా అడగలేదు. అడిగితే అమ్మ కోసం వెళ్లింది నిలుస్తుంది. దుబాయ్ మీటింగుల్లో ఒక్కటి నిలుస్తుందేమో, అదీ అనుమానమే.

మొన్నటి మీటింగుకి రానని, వీడియోలోనే మాట్లాడతానని చెప్పాను. క్లయింటుకి నచ్చలేదు. మెకానిక్‌తో ఈ సంగతి అనలేదు. హైదరాబాదుకి కరెంటు విమానం ఇప్పట్లో రాదని మాత్రం చెప్పాను. తలూపి, వచ్చే ఎండాకాలానికి టికెట్టు ఎంతుందో నా ఫోనులో చూడమన్నాడు.