ఎవరి కోపం?

సింహం తల, స్త్రీ శరీరం, నెత్తిన సూర్యబింబం. ప్రాచీన ఈజిప్టు యుద్ధదేవత సెఖ్మెత్ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు సంబరమేసింది. కోపాన్ని మింగెయ్యమని నేర్పుతూ పెంచిన ఆడపిల్లకి అంతకంటే ఏం కావాలి? ఆమె పేరుకి అర్థమే 'శక్తిమంతురాలు'. రాజు మూడో అమెన్‌హోతెప్ ఆమె నల్లరాతి విగ్రహాలను వందల సంఖ్యలో చెక్కించాడు. రోగాలు పంపేదీ ఆమే, నయం చేసే వైద్యుల్లో కొందరు ఆమె పూజారులు కూడా.

కథ చదివాక ఆ సంబరం నిలవలేదు. క్రీ.పూ. 13వ శతాబ్దానికి చెందిన మొదటి సేతి సమాధి గోడలమీద ఉందది. సూర్యదేవుడు రా ముసలివాడయ్యాడు. మనుషులు అతనిమీద కుట్ర పన్నారు. అతను తన కన్నునే హాథోర్ దేవత రూపంలో వాళ్లమీదికి పంపాడు. ఎడారిలో సాగిన ఆ ఊచకోతలోంచి పుట్టింది సెఖ్మెత్.

అంటే, తిరగబడ్డ మనుషులమీదికి ఒక ప్రభువు పంపిన ఆయుధం. చివరికి చాలించాలని అనిపించిందీ ఆయనకే.

అయితే ఆమె తప్పేమీ లేదందామా? పురుషుడి చేతిలో పనిముట్టని చెప్పి వదిలెయ్యడం తేలికే. కానీ మనుషులను లొంగదీయటం తన మనసుకి హాయిగా ఉందని ఆ కథలో ఆమే చెప్తుంది. ఆజ్ఞ ఆయనదైనా ఆ హాయి మాత్రం ఆమెదే. దాన్నీ ఆయన ఖాతాలోనే వేస్తే ఆమెకి మనసే లేదని ఒప్పుకున్నట్టు కాదూ?

1993లో అమెరికాలోని నెవాడా ఎడారిలో, అణుపరీక్షల స్థలానికి దగ్గరలో ఆమెకొక గుడి వెలిసింది. రాజ్యం ఆయుధాన్ని రాజ్యానికే ఎదురు నిలబెట్టాలన్న ఆ ఆశ నాకు అర్థమవుతుంది, ఇష్టం కూడా. కానీ ఆమె కోపాన్ని మనదిగా చెప్పుకునేముందు అది ఎవరిమీద పడిందో కూడా చెప్పుకోవాలి. చచ్చిపోయినవాళ్లలో ఆడవాళ్లుండరా?

నేనిప్పుడు ఆ కథలో మరోచోట ఆగుతున్నాను. సెఖ్మెత్‌ని ఆపడానికి రా రాత్రికి రాత్రి బీరు కాయించాడు. దాసీలు బార్లీ దంచారు. నెత్తురులా కనపడాలని ఎర్రరంగు కలిపారు. 7000 కడవలు. తెల్లవారేలోగా పొలాల్లో మూడు బెత్తెల ఎత్తున పోశారు. ఆమె వచ్చి తాగింది, మనుషులను గుర్తుపట్టలేనంతగా మత్తెక్కి వెనక్కి మళ్లింది. బార్లీ దంచినవాళ్ల పేర్లు మాత్రం కథలో లేవు.