బేత్లెహేము బావి నీళ్లు



ఒక వస్తువును మిక్కుటముగా కోరుట పాపమా? ఈ ప్రశ్న నాకొక వాద్యమువలన కలిగినది.

బాల్యమున మిషను హాస్టలులో మాకు 'చారియట్స్ ఆఫ్ ఫైర్' అను 1981 నాటి చలనచిత్రమును చూపిరి. ఆదివారమున పరుగెత్తనని 100 మీటర్ల పందెమును విడిచి, 1924లో పారిస్ ఒలింపిక్సునందు 400 మీటర్ల పందెము గెలిచిన ఎరిక్ లిడ్డెల్ కథ అందున్నది. ఆయన పిమ్మట చైనాలో మిషనరీయై, 1945లో నిర్బంధ శిబిరములో మరణించెను. తోడి పిల్లలు లిడ్డెల్‌ను జ్ఞాపకముంచుకొనిరి. నేనైతే, సిగ్గుతో చెప్పుచున్నాను, వెనుక మ్రోగిన సంగీతమును జ్ఞాపకముంచుకొంటిని.

గ్రీసు దేశస్థుడైన వాంగెలిస్ ఆ సంగీతమునకు వాడిన వాద్యములలో యమహా సీఎస్-80 అను సింథసైజర్ ఒకటి. అది 1977లో జపానునుండి వెలువడినది. బరువు సుమారు 100 కిలోలు. ఒకేసారి ఎనిమిది స్వరములు పలుకును. నొక్కిన మెట్టును ఇంకను గట్టిగా అదిమినచో ఆ ఒక్క స్వరమే ఉబ్బును, తక్కినవి ఊరకుండును. మన హార్మోనియములో మెట్లన్నిటికి ఊపిరి ఒక్కటే గదా! వేడి మారినయెడల దాని శ్రుతి తప్పును. తెలిసినవాడు విప్పి సరిచేయవలెను. తయారీ ఎన్నడో నిలిచినందున దాని వెల లక్షలలో పలుకుచున్నది.

నేను మందిరములో హార్మోనియము వాయించువాడను. రాత్రులు సెల్‌ఫోనులో ఆ వాద్యమును చూచుట అలవాటాయెను. దేవుని స్తుతించుటకే గదా అని మనస్సు చెప్పెను. మాటిమాటికి కరెంటు పోవు మా ఊరిలో దానితో ఏమి చేయుదువని మాత్రము అడుగలేదు! ఒకనాడు కాగితముపై లెక్క వేసితిని: అర ఎకరము పొలము, కుమార్తె నర్సింగు చదువునకు బ్యాంకులో దాచిన సొమ్ము. నా భార్య ఆ కాగితమును చూచెను. ఏమియు అనలేదు, మడిచి నా బైబిలులో పెట్టెను.

పదియవ ఆజ్ఞ పొరుగువాని సొత్తునుగూర్చినది, అమ్మకమునకు వచ్చిన వాద్యమునుగూర్చినది కాదని నాలో నేను వాదించుకొంటిని. అప్పుడు 2 సమూయేలు 23వ అధ్యాయము చదివితిని. దావీదు తన ఊరి గవినియొద్ది బావి నీళ్లకై ఆశపడెను. దప్పి తీరుటకు ఏ నీళ్లైనను చాలును; అతనికి ఆ నీళ్లే కావలసెను. అట్లు ఆశపడినందుకు దేవుడు గద్దించెనని అక్కడ వ్రాయబడలేదు. ముగ్గురు బలాఢ్యులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొనిపోయి తెచ్చిరి. తీరా చేతికి వచ్చినప్పుడు అతడు త్రాగలేదు. వారి ప్రాణము ఆ నీళ్లలో కనబడెను గనుక యెహోవా సన్నిధిని పారబోసెను.

నీళ్లు చెడ్డవి కావు. కాని వెల పెట్టినది వేరొకరు. నా కాగితముపైని అంకెలలో నావి ఎన్ని? పొలము నా తండ్రి చెమట. బ్యాంకులోనిది నా బిడ్డ బ్రదుకు.

కోరికలన్నిటిని చంపుకొనవలెనని కొందరు బోధింతురు. నేనట్లు చెప్పజాలను. ఆ నాదము వినినప్పుడు నేటికిని నా ఒడలు పులకరించును. అట్టి చెవిని ఇచ్చినవాడు దేవుడే.

కుమార్తె ఫీజు కట్టితిమి. మా హార్మోనియములో ఒక మెట్టు కీచుమనుచున్నది, క్రిస్మసులోగా రీడు మార్పించవలెను. ఆ కాగితము ఇంకను బైబిలులోనే యున్నది.